అరగని టోకెను

చెమట పట్టిన ఇత్తడికి ఒక వాసన ఉంటుంది.

కడిగినా పోదు. ఏళ్లు గడిచినా పోదు. పొద్దున వేళ్లకు అంటుకుంటే మధ్యాహ్నం అన్నం ముద్దతో పాటు నోటి దాకా వస్తుంది.

ప్రేమకు అది అలవాటైన వాసన. రాబర్ట్‌సన్‌పేటలో ఒక బట్టల కొట్టు మీది గదిలో, కిటికీ పక్కన, భూతద్దం ముందు... పదిహేనేళ్లుగా ఆమె పని అదే. పాత నాణెం అసలుదా నకిలీదా తేల్చాలి. ఎంత అరిగిందో చూసి డెబ్బైకి ఇన్ని అని మార్కులు వేయాలి. ఆమె సంతకం పెట్టాక వసంత్ దాన్ని ప్లాస్టిక్ పెట్టెలో పెట్టి సీలు వేస్తాడు.

ఆ నాణేల వ్యాపారం వసంత్‌ది. శ్రీనివాసపురం మామిడి మండీ వాళ్ల అబ్బాయి. కాయలు ఏరే ఇంట్లో పుట్టి నాణేలు ఏరుకుంటున్నాడు. చెడ్డవాడు కాదు. బేరం మనిషి, అంతే.

ఆ రోజు అతను తెచ్చినవి నాణేలు కావు. బంగారు గని టోకెన్లు.

ఆండర్సన్‌పేటలో ఒక పాత ఇల్లు పడగొడుతుంటే అటక మీద రేకు పెట్టె దొరికిందట. అందులో నలభై ఇత్తడి బిళ్లలు. ఒక్కోదానికి పైన చిల్లు, మధ్యలో నంబరు. పాత సొరంగాల్లో మిగిలిన రాయి తీయడానికి ఒకప్పుడు ఎవరో కాంట్రాక్టరు పని పట్టాడు. కూలీల రాకపోకల లెక్క చూసే అతని టైమాఫీసు గుమాస్తాది ఆ ఇల్లు. కాంట్రాక్టరు పోయాడు, గుమాస్తా పోయాడు. బిళ్లలు మాత్రం మిగిలాయి.

ఇప్పుడు వీటిని కొనేవాళ్లున్నారు. బెంగళూరులో, బొంబాయిలో. గోడకు తగిలించుకుని వచ్చినవాళ్లకు చూపిస్తారట.

గనిలోకి దిగే మనిషి బోర్డు మీది మేకు నుంచి తన టోకెను తీసి నడుము కొక్కేనికి తగిలించుకునేవాడు. పైకొచ్చాక మళ్లీ మేకుకు తగిలించేవాడు. మేకు ఖాళీగా ఉంటే మనిషి లోపల ఉన్నట్టు. టోకెను వేలాడుతుంటే మనిషి పైన ఉన్నట్టు.

సైరను మోగితే ఆడవాళ్లు పరుగెత్తుకెళ్లి చూసేది మేకునే.

పైకొచ్చినాడా?

ఆ వీధుల్లో ఒకరినొకరు అడిగే మాట అదొక్కటే. పైకొచ్చినాడు అంటే చాలు. పొయ్యి వెలిగేది.

ప్రేమ ఒక్కో బిళ్లనే దీపం కిందికి జరిపింది. అన్నీ అరిగినవే. అంకెలు నున్నబడి పోయాయి. చిల్లు పై అంచు పల్చబడి నిలువుగా సాగింది. కొక్కేనికీ మేకుకూ, కొక్కేనికీ మేకుకూ... ఏళ్ల తరబడి. మూడింటికి నంబరు కింద అడ్డగీత ఉంది. టోకెను పోగొట్టుకున్నవాడికి మారు టోకెను ఇచ్చేటప్పుడు ఆ గీత కొట్టాలి, అది టైమాఫీసు కట్టుబాటు.

పన్నెండు మార్కులు. పది. పదిహేను. పన్నెండు.

615. 616.

617.

ఆమె చెయ్యి ఆగిపోయింది.

అది మెరుస్తోంది. అంకెల అంచులు గోటికి గుచ్చుకుంటున్నాయి. చిల్లు గుండ్రంగా, తొలిచిన నాటిలాగే ఉంది. కింద గీత లేదు. ముక్కు దగ్గర పెట్టుకుని చూసింది.

వాసన లేదు.

"చూస్తివా అక్కా," అన్నాడు వసంత్, భుజం మీదుగా వంగి. "పెట్టె మొత్తంలో ఇదొగటే ఫ్రెష్. అరవై ఏడు ఇయ్యొచ్చు. దీనికి బొంబాయిలో మనిషి కాచుకోనుండాడు."

ప్రేమ బిళ్లను అరచేతిలోకి తీసుకుంది. 

617 ఆమె తండ్రి నంబరు.

అంజినప్ప. తొమ్మిదేళ్లు ఆ కాంట్రాక్టరు కింద రాయి తీశాడు.  1986లో, ప్రేమకు ఆరేళ్లప్పుడు, ఒక మధ్యాహ్నం లోపల బండ పేలింది. ఒక దారి మూసుకుపోయింది. ఆమె తల్లి ఆదిలక్ష్మమ్మ, ఇరవై ఏడేళ్ల మనిషి, చెప్పుల్లేకుండా టైమాఫీసుకు పరుగెత్తింది. ఒక గంట సేపు కిటికీ తెరవలేదు. తర్వాత తెరిచారు. బోర్డు కనిపించింది.

617 మేకుకు వేలాడుతోంది.

"మీ ఆయప్ప పైకొచ్చినాడమ్మా," అన్నాడు గుమాస్తా. "ఇంటికి పో."

పోయింది. దారంతా దేవుళ్లకు దణ్ణాలు పెట్టుకుంటూ పోయింది. ఇంట్లో ఎసరు పెట్టి కూర్చుంది.

ఆయన రాలేదు. మర్నాడూ రాలేదు. ఆ నెలంతా రాలేదు.

పైకొచ్చిన మనిషి ఇల్లు చేరకపోతే దానికి అర్థం ఒక్కటే అన్నారు జనం. ఎవరితోనో లేచిపోయాడు. కుప్పంలో చూశామన్నారు. తిరుపతిలో చూశామన్నారు, పక్కన ఎర్రచీర మనిషి ఉందన్నారు. చీర రంగుతో సహా చెప్పారు, మహానుభావులు.

ఆదిలక్ష్మమ్మ వాళ్లను నమ్మలేదు. ఆమె నమ్మింది టోకెనును. గని వీధిలో పుట్టిన ఆడది మొగుణ్ని అనుమానిస్తుంది, దేవుణ్ని కూడా అనుమానిస్తుంది. మేకుకు వేలాడే బిళ్లను మాత్రం అనుమానించదు. కళ్లారా చూసింది కదా.

అందుకే ఆయన చొక్కాలు పాత బట్టలవాడికి వేసేసింది. ఫోటో గోడ మీంచి దించేసింది. ప్రేమ పెళ్లి పత్రికలో తండ్రి పేరు వేయనివ్వలేదు. ముప్పై తొమ్మిదేళ్లలో ఒక్క ఏడూ ఆయనకు దినం పెట్టలేదు. పారిపోయినవాడికి దినమేమిటి?

ప్రేమ కూడా నమ్మింది. బళ్లో మీ నాయన యాడ అని అడిగినప్పుడల్లా తల దించుకుంది.

ఇప్పుడు ఆ బిళ్ల ఆమె అరచేతిలో ఉంది.

కాగితం మీద రెండు గడులున్నాయి. అసలు. నకిలీ. ఆమె పెన్ను నకిలీ వైపే వెళ్లింది. ఎవడో నిన్నగాక మొన్న కొట్టి పెట్టెలో కలిపాడని రాసేస్తే సరి, పీడ విరగడవుతుంది. కానీ పదిహేనేళ్ల పని ఆమెను వదల్లేదు. తూకం వేసింది. సరిపోయింది. ఏడు అంకెను భూతద్దం కింద పెట్టింది. దాని కాలు చివర చిన్న విరుగు. 570 తీసి చూసింది, అదే విరుగు. 607 తీసింది. అదే.

అంకెలు కొట్టిన పోగర, ఆ ఉలి అదే. అదే ఆఫీసు. అసలుదే.

అయితే ఎందుకు అరగలేదు?

తొమ్మిదేళ్లు మోసిన మనిషిది ఎందుకు అరగలేదు? పోతే మారు ఇచ్చినదైతే గీత ఏది?

నెమ్మదిగా అర్థమైంది.  ఇది ఆయన మోసింది కాదు. ఆయన మోసింది ఆయన నడుముకే ఉంది. ఆ రోజు మేకు ఖాళీగా ఉంది. ఖాళీ మేకు ఉంటే మనిషి లోపల ఉన్నాడని ఒప్పుకోవాలి. ఒప్పుకుంటే తవ్వాలి. తవ్వాలంటే పని ఆపాలి, పైఅధికారులు వస్తారు, ప్రశ్నలు అడుగుతారు.

అందుకని కొత్త బిళ్ల తీసుకున్నారు.

ఆరు. ఒకటి. ఏడు.

మూడు సుత్తి దెబ్బలు. కిటికీ మూసి ఉన్న ఆ గంటలో.

ఆ గంటలో ఆయన బతికే ఉన్నాడేమో. కింద ఆయన బండను కొడుతున్నాడేమో... పైన వీళ్లు ఇత్తడిని కొడుతున్నారు.

ప్రేమకు ఒళ్లు మండిపోయింది.  ఎవర్ని పట్టుకుని అడగాలి? కాంట్రాక్టరు హాయిగా మంచం మీద పోయాడు. గుమాస్తా మనవలను ఎత్తుకుని ఆడించాకే పోయాడు. పోతూ పోతూ ఈ బిళ్లను పారేయలేకపోయాడు. ఎందుకు దాచాడో, భయమో, పాపభీతో, ఆమెకు తెలియదు. తెలుసుకోవాలని కూడా లేదు.

"అప్పా," అంది వసంత్‌తో. "ఇది మా నాయన నంబరు."

 వసంత్ కళ్లు వెలిగాయి.

"అట్లనా అక్కా. అయితే ఇంకా మంచిది కదా. కూతురే గుర్తుపట్టిందని ఒగ లైను రాస్తే..."

ఆమె చూసిన చూపుకు అతని మాట అక్కడే ఆగింది.

వాళ్లంతా ఏళ్లకు ఏళ్లు మోసి అరగదీసిన బిళ్లలకు పన్నెండు మార్కులు, పది మార్కులు. ఏనాడూ గనిలోకి దిగని బిళ్లకు అరవై ఏడు. పదిహేనేళ్లు ఈ లెక్క తానే వేసింది. ఎన్నడూ ఇలా గుచ్చుకోలేదు. చించి పారేయాలనిపించింది ఆ కాగితాన్ని. ఆ బిళ్లను సుత్తితో నుజ్జు చేయాలనిపించింది.

కానీ నకిలీ అని రాస్తే ఎవడు కొట్టాడో ఎవరికి కావాలి? నుజ్జు చేస్తే ఇంకేం మిగులుతుంది? ఆ మెరుపే సాక్షి. ఆ గుండ్రటి చిల్లే సాక్షి. అది అసలుదైతేనే వాళ్లు దొంగలు.

అసలు అనే గడిలో టిక్కు పెట్టింది.

అరవై ఏడు మార్కులు వేసింది.

కింద ఖాళీ జాగాలో, ఎప్పుడూ రెండు మాటలు రాసే చోట, నిదానంగా రాసింది. ఇది కాంట్రాక్టరు టైమాఫీసులోనే కొట్టినది. అరుగుదల లేదు. మారు టోకెనుకు ఉండాల్సిన గీత లేదు. దీన్ని ఏ మనిషీ ఎన్నడూ మోయలేదు. ఈ నంబరు మనిషి పైకి రాలేదు.

సంతకం పెట్టింది. పెన్ను కాగితాన్ని చింపేంత గట్టిగా పెట్టింది.

వసంత్ చదివాడు. మళ్లీ చదివాడు.

"కడాపటి రెండు లైన్లు తీసెయ్యక్కా. కొనేవోడు బెదురుకుంటాడు. మనది బిళ్లను చూసే పని కదా, మనిషిని చూసే పని కాదు కదా."

"బిళ్లే చెప్తాండాది అప్పా ఇదంతా. నేను ఒగ మాట గూడా కలపలేదు."

"నేనింగా ఆలోచించల్ల."

"ఆలోచించు. సంతకం మాత్రం మారదు."

కాగితానికి నకలు తీసుకుని సంచీలో పెట్టుకుంది. మెట్లు దిగింది. తల్లి ఉండే మారికుప్పం దాకా నడిచే పోయింది. బస్సు ఎక్కితే ఎవరో ఒకరు పలకరిస్తారు. పలకరిస్తే ఏం మాట్లాడుతుందో ఆమెకే తెలియదు.

ఆదిలక్ష్మమ్మ గడపలో కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. అరవై ఆరేళ్లు. ప్రేమ పక్కన కూర్చుని అంతా చెప్పింది. అరుగుదల చెప్పింది, గీత చెప్పింది, విరిగిన ఏడు గురించి చెప్పింది. ఒక్కటి మాత్రం చెప్పలేదు... ఆ గంట గురించి.

ముసలావిడ చేతులు ఆగలేదు.  ఒలుస్తూనే అడిగింది.

"అయితే పైకి రాలేదా?"

"రాలేదమా."

"నన్ను ఇడిసిపెట్టి యాడికీ పోలేదా?"

"పోలేదు."

చిక్కుడు గింజలు ఒడిలోంచి జారి నేల మీద పడ్డాయి. ఎవరూ ఏరలేదు.

"ముప్పై తొమ్మిదేండ్లు," అంది ఆదిలక్ష్మమ్మ. "నీళ్లు ఇడవల్సిన మనిషికి శాపాలు పెట్టినానే పాపా. కాళ్లు ఇరగల్లంటిని. పురుగులు పడల్లంటిని. ఆయప్ప నా కాళ్ల కిందనే ఉండి అంతా ఇన్నాడే."

ప్రేమ ఆమె చెయ్యి పట్టుకోబోయింది. తల్లి వెనక్కి లాక్కుంది.

"ఆ మేకుకు బిళ్ల లేకుంటే తవ్వేవోళ్లు కదా?"

ప్రేమ తల దించుకుంది.  తల్లి ముఖంలో ఏడుపు లేదు. పళ్లు బిగించి ఉంది. దవడ ఎముక తోలు కింద కదులుతోంది.

"ఎర్రచీరను చూసినానన్న అక్క యాడుండాది ఇప్పుడు? సచ్చిపాయె. కిటికీకాడోడు? సచ్చిపాయె. నగినోళ్లంతా సచ్చిపోయినారు. ఇంగ ఎవురికి చెప్పల్ల నేను?"

అని లేచింది. కొంగు బిగించింది. చెప్పులు కూడా వేసుకోకుండా వీధిలోకి నడిచింది. ప్రేమ వెనకాలే పరుగెత్తింది.

బెంగళూరు నుంచి సాయంత్రం రైలు అప్పుడే వచ్చింది. స్టేషను నుంచి జనం బిలబిలమంటూ వస్తున్నారు. కంపెనీల గుర్తింపు కార్డులు మెడల్లో వేలాడుతున్నాయి. అందరూ కుర్రవాళ్లే, గని మూతపడ్డాక పుట్టినవాళ్లే. టిఫిను సంచీ పట్టుకుని ముందుగా వస్తున్న ఒకతనికి ఆదిలక్ష్మమ్మ అడ్డం వెళ్లి నిలబడింది.

"మా ఆయప్ప పైకి రాలేదప్పా," అంది.

అతను ఆగాడు. చెవిలోంచి ఇయర్‌ఫోను తీశాడు. ముసలావిడ వట్టికాళ్లు చూశాడు, నెరిసిన తల చూశాడు. జాలిపడ్డాడు.

"పోనీలే అవ్వా. అందురూ పైకొస్తారా ఏమి. మా నాయినా అంతే, కడదాకా ఏమీ సంపాదించలేదు."

మంచివాడు. ఆమె చేతిలో పది రూపాయల నోటు పెట్టి పక్కకు తప్పుకుని పోయాడు.

ఆదిలక్ష్మమ్మ ఆ నోటును చూసింది. దానితో ఏం చేయాలో తెలియనట్టు చూసింది. చేతిలోంచి జారవిడిచింది. తర్వాత తల ఎత్తి, ఎదురుగా వస్తున్న జనంలోకి, ఇంకొంచెం గట్టిగా...

"పైకి రాలేదప్పా మా ఆయప్ప."