మోకాలికి తగిన తక్కెడ

అత్తగారి కుడి మోకాలు ఆ ఇంట రాజ్యాంగ సంక్షోభమై చాలాకాలమైంది. ఆపరేషనా, వ్యాయామమా, శుక్రవారంలోగా తేల్చమని సర్జన్ గడువు పెట్టాడు. ఆవిడ ఆ భారాన్ని నిశ్చింతగా కోడలి నెత్తిన పెట్టింది. కోడలు వైద్యకళాశాలలో పరిశోధకురాలు. సరిగ్గా ఈ ప్రశ్న మీదే లోకంలో జరిగిన అధ్యయనాలన్నిటినీ పోగుచేసి, వాటి మంచిచెడ్డలు తూచి, సమీక్ష రాస్తోంది.

"నీ సమీక్ష ఎటంటే నా మోకాలు అటే" అని అత్తగారు ప్రకటించింది.

తూచాలంటే తక్కెడ కావాలి. వైద్యలోకంలో తక్కెళ్లకు కొదవ లేదు. ప్రతి తక్కెడా ఒక ప్రశ్నల పట్టిక; ప్రతి పట్టికనూ ఒక మహాసంఘం ఆశీర్వదించింది, మరొక మహాసంఘం ఆక్షేపించింది. వాటి నడుమ దిక్కుతోచక తిరిగి తిరిగి, కోడలు చివరకు అన్నిటికన్నా గంభీరంగా కనబడినదాన్ని పట్టుకుంది.

ఇద్దరు న్యాయనిర్ణేతలు, ఒకరి తీర్పు ఒకరికి తెలియకుండా, ప్రతి అధ్యయనానికీ విడివిడిగా మార్కులు వేయాలన్నది ఈ విద్యలో అలంఘ్యమైన నియమం. రెండో నిర్ణేత పక్కగది గణాంకశాస్త్రజ్ఞుడు. ఏమడిగినా "సగటున చూస్తే" అని మొదలుపెడతాడు గనుక ఆయన అందరికీ సగటుగారే. ఇద్దరూ నియమాన్ని ఎంత నిష్ఠగా పాటించారంటే, వరండాలో ఎదురుపడితే ఎండ గురించి తప్ప మాట్లాడుకోలేదు. ఎవరు ఏ తక్కెడ పట్టారన్నది కూడా మాట్లాడుకోలేదు.

బుధవారం తీర్పులు పక్కపక్కన పరిచారు. అత్తగారి వయసు స్త్రీలను ఏళ్లతరబడి గమనించిన అధ్యయనం ఒక్కటే ఉంది. వ్యాయామం చాలునని అది తేల్చింది. దానికి కోడలు గుండుసున్నా చుట్టింది. ఆయన ప్రథమశ్రేణి ఇచ్చాడు.

"రోగుల్ని చీటీలు వేసి రెండు జట్లుగా పంచలేదు కదండీ" అంది కోడలు.

"పంచామని వాళ్లెక్కడన్నారమ్మా? వాళ్లు ఊరికే చూస్తూ కూర్చున్నారు. వంటలపోటీకి వచ్చినావిడను పరుగెత్తలేదని ఓడిస్తావా?"

అప్పుడు బయటపడింది. ఆమె పట్టిక చీటీలు వేసే ప్రయోగాలకు పుట్టింది, ఆయనది ఊరికే చూసే అధ్యయనాలకు పుట్టింది. ఇద్దరూ ఎవరి పట్టికతో వాళ్లు అన్నిటినీ తూచేశారు. మొత్తం మళ్లీ మొదటికొచ్చింది. తక్కెళ్లను ఎంచుకోవడానికి వేరే పట్టికలు రెండున్నాయని ఆయన ధైర్యం చెప్పాడు. వాటిలో ఏది మంచిదని ఆమె అడిగింది. సగటున చూస్తే రెండూ, అన్నాడాయన.

సాయంత్రం వంటింట్లో అత్తగారి ఎదుట కోడలు తల వంచుకుని, శుక్రవారానికి ఏదీ తేలదని ఒప్పుకుంది. ఆవిడ ఏమాత్రం చలించలేదు. మడిచిన రెండు చీటీలు బల్ల మీద పెట్టింది.

"ఒకటి తియ్యమ్మా. దేవుడి మీద భారం వేద్దాం."

కోడలి చెయ్యి ముందుకెళ్లి ఆగింది. "ఇవి మడిచిందెవరు అత్తయ్యా?"

"నేనే."

"ఏది ఏదో మీకు తెలుసా?"

"తెలియకేం? ఆపరేషన్ చీటీ గోడవారకి జరిపాను, నీ చెయ్యి అందకుండా."

ఏ మహాసంఘం పట్టిక తెచ్చి తూచినా ఈ చీటీలు చెల్లవు. ఇంత పచ్చి పక్షపాతాన్ని ఆమె తన వృత్తిజీవితంలో చూడలేదు. దీన్ని ఏ గడిలో నమోదు చేయాలో, కారణమడిగితే సర్జన్‌కు ఏ అధ్యయనం చూపించాలో బొత్తిగా పాలుపోలేదు. అయోమయంలోనే దగ్గరగా ఉన్న చీటీ తీసింది.

"ఏమొచ్చింది?" అని అత్తగారు ఎంతో ఆత్రంగా అడిగింది.