దిమ్మకూర

నిన్నటి పాల మీద కట్టిన మీగడను తవిటయ్య గరిటె అంచుతో చుట్టూ వదులు చేసి, చిరగకుండా ఒక్క పొరగా ఎత్తి చిన్న స్టీలు గిన్నెలో వేశాడు. వేసి, గిన్నెను కిటికీ వెలుగుకి పట్టి చూసుకున్నాడు. వారం రోజులుగా పోగేస్తున్న మీగడ. రోజూ పెరగాల్సింది పోయి నిన్నటికంటే తగ్గింది. ఇంట్లో చూస్తే పిల్లి లేదు.

"త్రివేణీ, ఇందల మీగడ ఎవులు తిన్నారే?"

అద్దం ముందు జడ వేసుకుంటున్న కూతురు వెనక్కి తిరగలేదు. "థోడాసా హీ తో లియా, పాపా," అంది. తండ్రి తెలుగులో అడగడం, కూతురు హిందీలో చెప్పడం ఆ ఇంట్లో అలవాటే. కొంచెమే తీసుకున్నానంటోంది. ఆ కొంచెం ఎంతో తవిటయ్యకు తెలుసు. పలక పట్టిన నాటి నుంచీ అది మీగడ దొంగే. ఇప్పుడు బిష్టుపూర్ బజార్లో బట్టల షాపులో నిలువుకాళ్ల మీద ఉద్యోగం చేస్తున్నా, చక్కెర చల్లుకున్న మీగడ కనిపిస్తే చిన్నపిల్లయిపోతుంది. కోప్పడదామనుకున్నాడు కానీ కోపం రాలేదు.

"సర్లే, సరిపోద్ది. ఇయ్యాల మీ యమ్మకి దిమ్మకూర సేత్తాను."

త్రివేణి చేతిలో దువ్వెన ఆగింది. లోపలి గది వైపు చూసి, మళ్లీ తల దువ్వుకోవడంలో పడింది.

లోపలి గదిలో పోలమ్మ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ఒకప్పుడు వాళ్లుండే సీతారాండేరా బస్తీలో బోరింగు దగ్గర ఆవిడ గొంతెత్తిందంటే రెండు సందుల అవతలి వాళ్లు బిందెలు పక్కకు జరుపుకునేవాళ్లు. ఆ గొంతులోనే పుండు లేచింది. ఆసుపత్రిలో కరెంటు పెట్టారు. పుండు మాడింది, దాంతోపాటు రుచీ మాడింది. ఏం పెట్టినా నోట్లో మట్టి పోసుకున్నట్టుందని పక్కకు నెట్టేస్తోంది. నడుమ కొన్నాళ్లు ముక్కులోంచి గొట్టం వేసి పాలు పోశారు. ఆ గొట్టం తీసిన రోజు ఆవిడ తవిటయ్య చెయ్యి పట్టుకుని, మళ్లీ దాన్ని వేయించుకోవడం కంటే పోవడం నయమని గుసగుసగా చెప్పింది. డాక్టరుగారు మాత్రం బుధవారం దాకా చూస్తామన్నారు. ఆ లోపల నోటితో తినడం మొదలుపెడితే సరే, లేకపోతే గొట్టం తప్పదు. రేపటి తరువాత బుధవారమే.

జావ పెట్టాడు, పప్పుకట్టు పెట్టాడు, అరటిపండు చిదిమి పెట్టాడు. ఏదీ గొంతు దిగలేదు. చివరికి ఒకటే మిగిలింది. తువ్వాల్లో వంకాయలు, రెండు బంగాళాదుంపలు, టమాటాలు, ఒక గుమ్మడి ముక్క, వెల్లుల్లి గడ్డ మూటకట్టుకుని తవిటయ్య మొదటి షిఫ్టుకి బయలుదేరాడు. మూట ఎడమచేత్తో ఎత్తబోతే భుజం నుంచి మోచేతి దాకా సలపరించింది. రాత్రంతా ఆ పక్కకే తిరిగి పడుకోవడం వల్ల అనుకుని చెయ్యి మార్చుకున్నాడు.

ఆదిత్యపూర్లో వంతెన దాటాక లోపలికి వెళితే అతను పనిచేసే కార్ఖానా వస్తుంది, అక్కడివాళ్లు దాన్ని షాపంటారు. కొలిమిలో ఇనప దిమ్మల్ని ఎర్రగా కాల్చి, పెద్ద సుత్తి యంత్రం కింద పెట్టి ఆకారం తెస్తారు. దిమ్మను పొడుగాటి పట్టకారుతో లాగి సుత్తి కిందికి చేర్చడం తవిటయ్య పని. మీసాలు మొలిచినప్పటి నుంచీ అదే పని. లాగి లాగి కుడి భుజం ఎడమ భుజం కంటే కిందికి జారిపోయింది. కనుబొమ్మలు మంటకు మాడి పలచబడ్డాయి. ముంజేతుల మీద నిప్పురవ్వల మచ్చలు చూసి, చిన్నప్పుడు త్రివేణి అవి నువ్వులనుకుని గిల్లేది. ఇన్నేళ్లూ కాంట్రాక్టు కూలీగానే ఉండిపోయాడు. ఎవరూ అతని గురించి ప్రత్యేకంగా చెప్పుకోలేదు, అతను కూడా ఎవరూ చెప్పుకోవాలని అనుకోలేదు.

సుత్తి దెబ్బలు తిన్న దిమ్మ ఎరుపు తగ్గి నల్లబడ్డాక నేల మీద ఒక పక్కన పడి ఉంటుంది. చూడ్డానికి చల్లగా కనిపిస్తుంది. కొత్తవాళ్లు చెయ్యి వేసి కాల్చుకునేది దాని మీదే. పాతవాళ్లు దాని మీద వంట చేసుకుంటారు. సాలు చెట్టు ఆకుల్లో చుట్టిన దుంపలు, వంకాయలు దాని వీపు మీద పెట్టి, టిఫిను వేళకి తీసుకుంటే లోపల వెన్నలా మెత్తబడి ఉంటాయి. కాలిన మొదటి ముక్క చిదిమి సుత్తి యంత్రం పాదం దగ్గర పెట్టాకే ఎవరైనా నోట్లో వేసుకోవాలి. అది ఆ షాపులో మర్యాద.

కొత్తగా పెళ్లై వచ్చిన పోలమ్మకు బొగ్గుల పొయ్యి రాజుకునేది కాదు. రోజూ పొగలో కూర్చుని కళ్లు తుడుచుకునేది. అది ఏడుపో పొగో అర్థంకాక తవిటయ్య కంగారుపడేవాడు. ఒకరోజు దిమ్మ మీద కాల్చిన కూరగాయలు తువ్వాల్లో కట్టుకొచ్చి ఆవిడ ముందు పెట్టాడు. ఆవిడ తొక్కలు ఒలిచి, చిదిమి, ఇంట్లో ఇంకేమీ లేక పాల మీది మీగడ తీసి కలిపి, ఉప్పు వేసింది. అన్నం పక్కన పెట్టుకుని ఇద్దరూ తిన్నారు. ఆ పూట ఆవిడ మొదటిసారి ఆ ఊళ్లో నవ్వింది. తరువాత గ్యాసు పొయ్యి వచ్చింది, మిక్సీ వచ్చింది, ఫ్రిజ్జు వచ్చింది. దిమ్మకూర మాత్రం దిమ్మ మీద కాలవలసిందే, మీగడలో కలవవలసిందే. కాల్చి తేవడం ఆయన వంతు, కలపడం ఆవిడ వంతు.

ఇవాళ కూరగాయలు దిమ్మ మీద సర్దుతున్నప్పుడే అతనికి ఒళ్లంతా చెమట పట్టింది. కొలిమి దగ్గర చెమట కొత్త కాదు కానీ ఇది చల్లగా పట్టింది. గుండెల మీద ఎవరో మోకాలు పెట్టి నొక్కుతున్నట్టుంది. సుత్తి నడిపే పింటూ అతని మొహం చూసి యంత్రం ఆపేశాడు.

"చాచా, తబీయత్ ఠీక్ నహీ లగ్ రహీ. డిస్పెన్సరీ జావో." ఒంట్లో బాగున్నట్టు లేదు, డిస్పెన్సరీకి పొమ్మన్నాడు.

"గర్మీ హై, బస్," అన్నాడు తవిటయ్య.

ఆ షాపులో అన్ని జబ్బులకూ ఒకటే పేరు. తల తిరిగినా వేడే, వాంతి వచ్చినా వేడే, ఆయాసం వచ్చినా వేడే. మందు కూడా ఒకటే. ఉప్పు కలిపిన నీళ్లు తాగి, బెల్లం ముక్క బుగ్గన పెట్టుకుని తలుపు దగ్గర గాలికి కూర్చోవడం. ఆ మందుతో ఎందరో లేచి మళ్లీ పనిలోకి వెళ్లారు. తవిటయ్యే ఎందరికో ఆ నీళ్లు కలిపి ఇచ్చాడు. ఇప్పుడు తానే కలుపుకుని తాగాడు. కూరగాయలు నేను చూసుకుంటాను, నువ్వు వెళ్లు అని పింటూ మళ్లీ చెప్పాడు. పింటూ మంచివాడే కానీ వంకాయను తిప్పాలన్న ధ్యాస ఉన్నవాడు కాదు. పోయిన చలికాలంలో అతని చేతికి అప్పగిస్తే బొగ్గే మిగిలింది. పైగా డిస్పెన్సరీకి పోతే ఎప్పటికి వదులుతారో తెలియదు. ఇవాళ కాకపోతే ఇంకెప్పుడు, ఎల్లుండి పొద్దున్నే ఆసుపత్రికి పోవాలి. తవిటయ్య తలుపు దగ్గరే కూర్చుని బెల్లం చప్పరిస్తూ, మధ్యమధ్య లేచి ఆకుపొట్లాలు తిప్పి వచ్చాడు.

కాసేపటికి నొక్కుడు కొంచెం సడలింది. మందు పనిచేసిందనుకున్నాడు. గుమ్మడి ముక్క కొస గిల్లి సుత్తి పాదం దగ్గర పెట్టి, ఎప్పుడూ ఏమీ అడగనివాడు, ఇది పోలమ్మ గొంతు దిగనీ అని అడిగాడు.

మధ్యాహ్నం ఇంటికి చేరేసరికి మూట ఇంకా వెచ్చగానే ఉంది. చొక్కా విప్పి తగిలించి నేల మీద బాసింపట్లు వేసుకుని కూర్చున్నాడు. వంకాయ తొక్క పొరలుపొరలుగా ఊడి వచ్చింది. దుంపలు, గుమ్మడి, టమాటా, వెల్లుల్లి రెబ్బలు అన్నీ చిదిమి, జల్లెడలో వేసి గరిటెతో రుద్దాడు. ఒక్క గింజ, ఒక్క పీచు ఉండకూడదు. చిన్న మంట మీద గిన్నె పెట్టి మీగడ వేశాడు. అది కరిగి అంచుల్లో నెయ్యి తేలగానే జల్లెడ పట్టిన గుజ్జు వేసి నెమ్మదిగా కలిపాడు. కారం లేదు, పోపు లేదు. జీలకర్ర మెత్తగా దంచి చిటికెడు వేశాడు. ఉప్పు దగ్గర చెయ్యి వెనక్కి వచ్చింది. గొంతు మంటెత్తుతుందేమోనని భయపడి నామమాత్రంగా వేశాడు. కాలిన తొక్క వాసన, మీగడ వాసన కలిసి ఇల్లంతా పరుచుకున్నాయి.

"దిమ్మకూరేటి?" లోపలి గదిలోంచి గుసగుసగా వినిపించింది.

చాలా రోజులకు ఆవిడ తనంతట తాను అడిగిన మాట అది. తవిటయ్య చిన్న గిన్నెలో వేసుకుని, ఊది ఊది చల్లార్చి, చెంచాతో నోటికి అందించాడు. ఆవిడ కళ్లు మూసుకుంది. గొంతు ఒకసారి కదిలింది, ఆగింది. అతని ఊపిరీ దాంతోపాటు ఆగింది. మళ్లీ కదిలింది, దిగింది. రెండో చెంచా కూడా దిగింది. అప్పుడు ఆవిడ కళ్లు తెరిచి మొహం చిట్లించింది.

"మావా, ఉప్పు సాల్నేదు."

తవిటయ్యకు ఒక్క క్షణం అర్థంకాలేదు. అర్థమయ్యాక నవ్వు ఆగలేదు. ఉప్పు చాలలేదని తెలిసిందంటే నాలుక బతికిందన్నమాట. మట్టిలో ఉప్పు తక్కువని ఎవరూ అనరు. కళ్లనీళ్లు తుడుచుకుంటూ వంటింట్లోకి పోయి ఉప్పు తెచ్చి కలిపాడు. ఆవిడ ఇంకొంచెం వెయ్యమంది, వేశాడు. గిన్నెలోది మొత్తం తింది. చివరి చెంచా తన చేత్తోనే తీసుకుంది.

"ఇంక గొట్టం అక్కర్నేదే పోలీ," అన్నాడు.

ఆవిడ తల ఊపి, వంటింటి వైపు చూపించింది. "గిన్నడుగు నువ్వు తినాల. వండినోల్లదే అది."

ఆ ఇంట్లో అది పాత కట్టుబాటు. అడుగున అంటుకున్న మాడు మీగడ, ఎర్రటి గోకుడు, అన్నిటికంటే రుచైన భాగం కలిపినవాళ్లకే చెందుతుంది. ఇన్నేళ్లూ అది పోలమ్మే తింది. ఒక్కసారైనా రుచి చూపించమని తవిటయ్య ఎన్నోసార్లు చెయ్యి చాపాడు, ఆవిడ గరిటెతో కొట్టి తరిమింది. ఇవాళ దక్కింది. అతను వెళ్లి గిన్నె చూసుకుని, మూత పెట్టి తిరిగి వచ్చాడు.

"సిటంత నడుం వాల్సి తింతాను," అని గడప పక్కన, ఫ్యాను కింద చాప వేసుకుని, తువ్వాలు తలకింద పెట్టుకుని పడుకున్నాడు.

పోలమ్మ మంచం మీద నుంచి అతన్నే చూస్తూ కూర్చుంది. పొద్దున్నుంచీ అలిసిపోయాడు, పడుకోనీ అనుకుంది. పక్కింటి కల్యాణి ఏదో అడగడానికి వస్తే పెదవుల మీద వేలు పెట్టి వెనక్కి పంపింది. మధ్యలో దాహం వేసింది. పిలిస్తే లేస్తాడని పిలవలేదు. నాలుక మీద ఉప్పు ఇంకా ఉంది. దాన్ని చప్పరిస్తూ, చాలాకాలానికి, రేపేం వండించుకోవాలో ఆలోచించింది.

దీపాలు పెట్టే వేళకి త్రివేణి వచ్చింది. గడప దాటుతూ, మీగడ దొంగతనానికి ప్రాయశ్చిత్తంగా కొనుక్కొచ్చిన పాల ప్యాకెట్టు కింద పెట్టి, "పాపా" అని పిలిచింది. పాదం పట్టుకుని కదిపింది. తరువాత ఆ పిల్ల చాలాకాలానికి "నాన్నా" అని తెలుగులో పిలిచింది. అప్పుడే పోలమ్మకు తెలిసింది.

చావు జరిగిన ఇంట్లో వండిన పదార్థం ఉంచకూడదని ఇరుగుపొరుగు ఆడవాళ్లు అన్నం పారబోశారు, పాలు పారబోశారు, కుండలో నీళ్లు కూడా ఒంపేశారు. బుధవారం పోలమ్మ ఆసుపత్రికి వెళ్తానంది. పది రోజులు కాకుండా గడప దాటకూడదని అందరూ అడ్డం చెప్పారు. ఆయన నాకోసం చేసిన పని మధ్యలో వదలనని కూతురి భుజం పట్టుకుని వెళ్లింది. డాక్టరుగారు పరీక్ష చేసి, ఏం తిన్నావమ్మా అని అడిగారు. ఆవిడ దిమ్మకూర అంది. ఆయనకు అర్థంకాలేదు. చెప్పమని తల్లి త్రివేణి వైపు చూసింది. త్రివేణి హిందీలో మొదలుపెట్టి, నాన్న వండింది అని తెలుగులో ముగించింది. గొట్టం వెయ్యలేదు.

ఇంటికి వచ్చాక తల్లిని పడుకోబెట్టి, నేల తుడవడానికి త్రివేణి మంచం కిందికి వంగింది. అందరి కళ్లూ కప్పి పోలమ్మ దాచిన దిమ్మకూర గిన్నె అక్కడ గోడవారగా ఉంది. మూత జారకుండా చుట్టూ తవిటయ్య తువ్వాలు కట్టి ఉంది.