పలకని సెన్సర్‌కి నాలుగు డిగ్రీలు

తాయారు మందులగది గచ్చు మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, ఫణికుమార్ అనే అబ్బాయి పంపిన కోడ్‌ని చేటలో పోసుకుని ఏరుతోంది, నేను ఎదురుగా చతికిలబడి ఆ చేటలోకే చూస్తున్నాను, అది ఏ ఊరి ఆరోగ్య కేంద్రమో తెలీదు, ఒక గోడేమో మా కాకినాడ కాలేజీ ల్యాబ్‌ది, రెండో గోడ లేనేలేదు, అటువైపు బస్సులు వచ్చి ఆగుతున్నాయి, ఎవరూ దిగటం లేదు. తాయారు నా ఫ్రెండు, పన్నెండేళ్ళ కిందట ఇద్దరం కలిసి "చలువ" రాశాం, టీకాలు దాచే ఫ్రిజ్‌లో ఎంత చల్లగా ఉందో కనిపెట్టి చెప్పే సాఫ్ట్‌వేరు, దాన్ని ఎవరైనా ఊరికే తీసుకుని వాడుకోవచ్చు, ఎవరైనా బాగుచేసి పంపొచ్చు, కాకపోతే పంపినదాన్ని ఇద్దరమూ చదివి ఇద్దరమూ సరే అంటేనే లోపలికి వెళ్తుంది. తాయారు చనిపోయిందని నాకు కలలోనూ తెలుసు, ఆ మాటెత్తితే లేచి వెళ్ళిపోతుందేమోనని నోరు మూసుకుని ఉన్నాను.

"ఇదేంటే ప్రమోదా, ఇంత ఉంది?" అంటుంది తాయారు, చేట కుదుపుతూ.

"శుభ్రం చేశాట్ట! మన కోడ్‌లో ఎర్రర్లు మరీ గోల చేస్తున్నాయట, అందుకని అన్నీ శుభ్రం చేసి పంపాను మేడమ్ అని రాశాడు మహానుభావుడు. అరవై రెండు చోట్ల చేశాడు. ఛీ, చదవడానికే అసహ్యంగా ఉందే."

తాయారు ఒక లైను వేళ్ళతో పట్టుకుని పైకెత్తుతుంది, అది నీళ్ళలో నానిన కాగితంలా వేలాడుతోంది, ఒకప్పుడు అక్కడ తను రాసిన లైనే ఉండేది, సెన్సర్ చెడిపోయినా ఎలుక వైరు కొరికేసినా తెర ఎర్రగా మారి "సెన్సర్ పలకట్లేదు. సిస్టరుగారూ, తలుపు తీసి థర్మామీటరు పెట్టి చూడండి" అని వచ్చేది, ఆ మాటలు అలా తెలుగులోనే ఉండాలని అప్పట్లో నాతో రెండ్రోజులు పోట్లాడింది. ఫణికుమార్ అది పీకేసి వేరేది పెట్టాడు, సెన్సర్ పలక్కపోతే అది ఆఖరుసారి చెప్పిన అంకెనే చూపిస్తూ ఉండమని.

"అంటే వైరు తెగిపోయినా?"

"నాలుగు డిగ్రీలే, టీకాలకి కావలసినంత చల్లగా ఉన్నట్టే."

"ఫ్రిజ్ ఆగిపోయి ఉంటేనో?"

"సెన్సర్ పలక్కపోతే ఫ్రిజ్ సంగతి ఎవడికి తెలుస్తుందే? నాలుగే, అదీ పచ్చరంగులో. ఆ సిస్టరు తెర చూసి, అంతా బావుందనుకుని, పాడైపోయిన సీసా తీసి చంటిపిల్లల తొడకి పొడుస్తుంది. థూ! రాళ్ళు ఏరి పారేయరా అంటే సున్నం పూసి బియ్యంలో కలిపాడు వెధవ."

నేను అలా అరుస్తుండగానే గోడ మీద గడియారం నాలుగు డిగ్రీలు అంటోంది, బస్సు మీద బోర్డూ అదే అంటోంది, ఎవరో నా చేతిలో పెట్టిన టీగ్లాసు మీద కూడా అదే రాసి ఉంది, తాగితే ముక్కిపోయిన వాసన, ఉమ్మేయడానికి ఆ గదిలో ఎక్కడా చోటు లేదు, తాయారు మాత్రం అదే టీ మొహం మార్చకుండా తాగేస్తోంది.

"సరే, అంత అసహ్యంగా ఉన్నప్పుడు వద్దని రాసి పడేయ్. నీకు నోరెప్పుడు తక్కువైంది గనక?"

"రాయలేనే. ఇంక నా సరే ఒక్కటే మిగిలింది, అదీ పడితే సాయంత్రం అందరికీ వెళ్ళిపోతుంది."

"ఒక్కటే మిగలడమేంటి? రెండోది ఎవరిచ్చారు?"

"నువ్వే ఇచ్చావు."

చేటలో తాయారు చెయ్యి ఆగిపోతుంది. "నేనా? ఎప్పుడు?"

"మంగళవారం మధ్యాహ్నం."

"చదివే ఇచ్చానా?"

ఇప్పుడు చేటలో కోడ్ లేదు, చీటీలున్నాయి, ప్రతి చీటీ మీదా "చూశాను, బాగుంది, తాయారు" అని ఉంది, ముప్పై ఒకటి, లెక్కపెట్టకుండానే నాకు తెలుసు, ఎందుకంటే అవన్నీ కొట్టింది నేనే, తన పాస్‌వర్డ్ కాలేజీ రోజుల నుంచీ నా దగ్గరుంది, జనవరి నుంచీ ఎవరు ఏం పంపినా ముందు తన పేరుతో సరే కొట్టేసి, తర్వాత తీరిగ్గా నా పేరుతో చదువుతున్నాను.

"ప్రతిసారీ చదివాను తాయారూ, ఒట్టు. ఇదీ ఇవాళ కూర్చుని చదివాను. చదివేసరికి ఇలా ఉంది. ఇప్పుడు వద్దంటే, తాయారుగారు బాగుందన్నారు కదా, ఆవిణ్ణే అడుగుదాం అంటారు."

"నేను పోయానని చెప్పలేదుటే ఎవరికీ?"

"చెబితే రెండో మనిషి దొరికేదాకా అంతా ఆపేయాలి, ఆ రూలు నువ్వు పెట్టిందే. పైసా రాని పనికి ఎవరొస్తారు? పైగా సరే చెప్పేవాళ్ళ జాబితాలోంచి నీ పేరు కొట్టేయాలి. ఎన్నిసార్లు తెరిచానో. నా వల్ల కాలేదే."

తను ఓదారుస్తుందనే అనుకుంటాను, ఎప్పుడూ అలాగే చేసేది, కానీ తాయారు లేచి చీర దులుపుకుని, హాస్టల్లో పురుగు కూర చూసినప్పుడు పెట్టే మొహం పెట్టి నన్ను చూస్తుంది, ఆ మొహం నా వైపు తిరగడం ఇదే మొదలు.

"ఛీ," అంటుంది. "పాపం వాడికి తెలీదు. నీకేమొచ్చిందే? నేను చూశానంటే జనం మళ్ళీ చూసేవాళ్ళు కాదు. నేను సంపాదించుకున్నది అదొక్కటే. దాన్ని ఇలా వాడతావుటే?"

"నువ్వు ఉన్నట్టే ఉండేదే, నీ పేరు పక్కన ఆ పచ్చటిక్కు పడితే."

"నీకుండేది. ఆ ఫ్రిజ్ ముందు నుంచున్న సిస్టరుకి నేను లేనుగా."

"మరి ఇప్పుడేం చెయ్యమంటావు?"

"నన్నడుగుతావేంటి?" అంటూ లేని గోడ వైపు నడుస్తుంది, నేను వెనకాలే వెళ్ళి కొంగు పట్టుకోబోతే చేతికి చల్లటి రేకు తగులుతుంది, బస్సు తలుపు, అది మూసుకుంటోంది, లోపల ఎవరూ లేరు, తాయారు కూడా లేదు.

మెలకువ వచ్చేసరికి చెంప కీబోర్డు మీద ఉంది. టైము మూడూ నలభై. భోంచేసి ఆ కోడ్ చదువుతూ అలాగే పడి నిద్రపోయినట్టున్నాను, నోరంతా చేదుగా ఉంది. తెర మీద కొత్త మెయిలు వచ్చి ఉంది. నాకు కాదు, తాయారుకి. తన మెయిళ్ళు కూడా నాకే వచ్చేలా పెట్టుకున్నాను.

"తాయారు మేడమ్, నమస్తే. అరవై రెండు మార్పులూ ఓపిగ్గా చూసి సరే అన్నందుకు చాలా థాంక్స్. డిసెంబర్లో మీరు ఆసుపత్రిలో ఉన్నారని విన్నాను. ఇప్పుడు పూర్తిగా కోలుకున్నట్టున్నారు, సంతోషం. ఆరోగ్యం జాగ్రత్త మేడమ్. మీ ఫణికుమార్."

రెండుసార్లు చదివాను. ఇందాక వాణ్ణి తిట్టిన తిట్లన్నీ ఒక్కటి మిగలకుండా నాకే తగిలాయి, నా మీద నాకే రోత పుట్టింది. తాయారు మెయిలు పెట్టె మూసేసి, నా పేరుతో జవాబు మొదలుపెట్టాను.

"ఫణికుమార్ గారూ, ఇవాళ్టి విడుదల ఆపేస్తున్నాను. మీ కోడ్ తాయారు చదవలేదు. తను జనవరి తొమ్మిదిన చనిపోయింది. ఆ సరే కొట్టింది నేను. దానికి ముందువి ఇంకో ముప్పై ఉన్నాయి."

చలువ వాడే వాళ్ళందరికీ వెళ్ళేలా పెట్టి పంపేశాను. తాయారు చనిపోయింది అని నేను రాయడం అదే మొదటిసారి.