చెయ్యి తగలని డబ్బాలు

"రేపు చెన్నూరు పోయి మీ అవ్వను చూసి రారాదు. బస్టాండు దాక నేనే దింపుత," అన్నాడు భర్త కుమార్.

పెరట్లో సబ్బునీళ్లలో నూనె డబ్బా కడుగుతున్న వినోద చెయ్యి ఆగింది. కన్నతల్లికి మోకాలు ఆపరేషనై రెండు నెలలు. వెళ్తానని మూడుసార్లు అడిగితే మూడుసార్లూ ఒకటే జవాబు: "నువ్వు పోతే డబ్బాలెవరు కడగాలె?" ఇప్పుడు అడగకుండానే ఇంత ప్రేమ ఎక్కణ్ణుంచి పొంగుకొచ్చిందో! ఆమెకు నమ్మకం కుదరలేదు.

ఆ డబ్బాలు నూనె కంపెనీవి. ప్లాస్టిక్ వద్దని స్టీలు డబ్బాల్లో పల్లినూనె అమ్ముతారు, ఖాళీవి వాపసు తీసుకుని, కడిగి మళ్లీ నింపుతారు. కరీంనగర్‌లో వాపసు తీసుకుని కడిగించే ఏజెన్సీ కుమార్‌ది. కడగడం మాత్రం వినోదది. కడిగే మిషన్ వస్తుంది వస్తుంది అంటూ ఏడాది గడిచింది. వేళ్ల సందులు ఒరుసుకుపోయాయి. చూపిస్తే అత్త శంకరవ్వ, "బోళ్లు తోముడు గూడ ఒక పనేనా? మేం తోమలేదా?" అని తేల్చేసింది. ఇంట్లో నలుగురి బోళ్లు వేరు, ఊరందరి డబ్బాలు వేరు అనబోయి వినోద మింగేసింది. ఆ ఇంట్లో అలా మింగినవి ఎన్నని!

మధ్యాహ్నం అత్తే నోరు జారింది. రేపు కంపెనీ పెద్దసార్లు వస్తున్నారట, వీడియో తీస్తారట. వినోదకు ఎక్కడో కలుక్కుమంది. రెండు రోజులుగా కుమార్ ఫోన్ వస్తే బయటికి పోయి మాట్లాడుతున్నాడు. అడిగితే ఏం లేదంటున్నాడు. డబ్బా మీది లేబుల్ ఆమెకు వేడినీళ్లలో నానబెట్టి గీకిపారేసేదే తప్ప చదివే తీరిక ఎప్పుడుంది? ఇవాళ ఒకటి వెలుతురులోకి పట్టి చిన్న అక్షరాలు చదివింది. "చెయ్యి తగలకుండా యంత్రంతో శుభ్రం చేసిన డబ్బా."

చెయ్యి తగలకుండానట! ఈ చెయ్యి రేపు పెద్దసార్ల కంట పడకూడదు, అందుకన్నమాట చెన్నూరు. ఆమెకు ఒళ్లు మండిపోయింది. అవ్వ మోకాలును కూడా వాడుకున్నాడే అని ఏడుపొచ్చింది.

సాయంత్రం "సరే, పోత," అంది మెత్తగా. కుమార్ సంబరపడి, పెద్దసార్ల ముందు పెట్టడానికి ఇరవై మంచి డబ్బాలు తుడిచి సంచుల్లో సర్దమని చెప్పి బజారుకు పోయాడు. వినోద తుడిచింది, సర్దింది, ఆటో పిలిచింది.

బోళ్ల దుకాణంలో మల్లేష్ పేర్లు కొట్టే మిషన్ దగ్గర కూర్చుని ఉన్నాడు. పుట్టింటి నుంచి తెచ్చుకున్న ఆమె పెళ్లి బిందె మీద బాపు బాలమల్లు పేరు కొట్టింది ఇతనే. అత్తింటి గిన్నెల మీద మామ పేరుంది, కుమార్ పేరుంది. ఆమె పేరు ఒక్క చెంచా మీద కూడా లేదు.

"ఎవరి పేరు చెల్లె? కుమారన్నదేనా?" అడిగాడు మల్లేష్.

వినోద డబ్బా బోర్లించి అడుగు చూపించింది.

"'వినోద చేతులతో కడిగింది' అని కొట్టన్నా. అన్నిటి మీద."

స్టీలు మీద ఒకసారి కొడితే మళ్లీ పోదని అతను హెచ్చరించాడు. డబ్బాలు ఇంటింటికీ తిరిగేవి, బాగా ఆలోచించుకొమ్మన్నాడు. ఆమె రెండో సంచి కూడా విప్పి ముందు పెట్టింది.

"అన్నా, రేపు నేను ఇంట్ల ఉండను. నా పేరన్న ఉండాలె."