మొదటి మూడు సెకన్లు

రంపం మిషన్ తిరుగుతున్నంతసేపు బాబాయిని ఎవరూ పిలవకూడదు. ఆ వడ్రంగం షెడ్డులో అదొక్కటే చట్టం. పిన్ని క్యారియర్ తెచ్చినా గుమ్మం దగ్గరే నోరు మూసుకుని నిలబడేది. ముప్పై ఏళ్లుగా ఆయన చూపు బ్లేడు మీంచి పక్కకు పోలేదు. పది వేళ్లూ పదిలంగా ఉన్నాయి.

ఆ చట్టానికి గండి కొట్టింది ఆయన అన్న కూతురే. అమ్మా నాన్నా పోయాక ఆ ఇంట్లోనే పెరిగిన పిల్ల. ఆర్డర్లు లేక మిషన్ మీద దుమ్ము పేరుకుంటుంటే చూస్తూ ఊరుకోలేకపోయింది.

"నీ దగ్గర పనితనం ఉంది, నా దగ్గర ఫోనుంది. వీడియోలు పెడదాం బాబాయ్" అంది.

పెద్ద కెమెరాలెందుకు, బుర్ర ఉంటే చాలని ఆమె ధీమా. జిగురు డబ్బాకి రబ్బరు బ్యాండ్లతో ఫోను కట్టింది. చున్నీ అంచుతో లెన్సు తుడిచింది. మిషన్‌ని కిటికీ వైపు తిప్పించి, వెలుతురు ఆయన మొహాన పడేలా చేసింది.

"నా పెళ్లికి కూడా ఇంత ముస్తాబు చెయ్యలేదే" అని నవ్వాడాయన.

అంతా బాగానే ఉంది గానీ చూసే దిక్కే లేదు. ఉండాలో పోవాలో జనం మొదటి మూడు సెకన్లలోనే తేల్చుకుంటారనీ, ఆ మూడు సెకన్లూ మనిషి వాళ్ల కళ్లలోకి చూడాలనీ ఆమె ఎక్కడో నేర్చుకుంది. బాబాయేమో వంచిన తల ఎత్తడు. ఏ వీడియో చూసినా ఆయన బట్టతలే.

ఆ మధ్యాహ్నం వెలుతురు బాగా కుదిరింది. రంపంపొట్టు ఎండలో మెరుస్తూ ఎగురుతోంది. ఆశ కొద్దీ ఆమె ఒళ్లు మరిచింది.

"కెమెరా కేసి చూడు బాబాయ్" అని కేకేసింది.

ఆయన చూశాడు. చెయ్యి మాత్రం అలవాటు కొద్దీ చెక్కతో పాటు ముందుకే పోయింది.

మూడు వేళ్లు పోయాయి. ఆస్పత్రి నుంచి వచ్చాక ఆయనకి ఆ క్షణం గుర్తులేదు. పలకరించడానికి వచ్చిన ప్రతివాళ్లతోనూ "వయసైపోయింది, శ్రద్ధ తప్పింది" అనేవాడు. తప్పంతా తన నెత్తినే వేసుకున్నాడు. ఆమె పక్కనే కూర్చుని వినేది. నిజం చెప్పాలని పూటకోసారి నోరు తెరిచేది. ఈ ఇల్లు కూడా లేకుండా పోతే ఎక్కడికి పోవాలని మళ్లీ మూసేది. తన మీద తనకే అసహ్యం వేసేది.

"ఆ వీడియో ఓసారి చూపించమ్మా. ఎలా జరిగిందో తెలుసుకోవాలి" అన్నాడొకనాడు.

రేపు చూపిస్తానంది. ఆ రేపటిలోగా సౌండు తీసేసి, అసలుది చెరిపేసింది. వేలితో రెండు నొక్కులు, అంతే.

ఆయన కళ్లజోడు పెట్టుకుని నాలుగుసార్లు చూశాడు. "చప్పుడు వినపడదేం?"

"ఆ రోజు మైకు పనిచెయ్యలేదు బాబాయ్."

"తలెందుకెత్తానో మరి" అని కళ్లజోడు తీసేశాడు. "పోనీలే, నువ్వు పక్కనుండబట్టి బతికాను."

ఆ మాట ఆమెకి వాత పెట్టినట్టే అయింది.

వారం తిరక్కుండా మిషన్ అమ్మేద్దామన్నాడు. "వీడియో తియ్యమ్మా, కొనేవాళ్లు చూడాలిగా" అని, కట్టు కట్టిన చెయ్యి వెనక్కి దాచుకుని మిషన్ పక్కన నిలబడ్డాడు. ఆమె అదే జిగురు డబ్బాకి ఫోను కట్టి రికార్డు నొక్కింది. ఆయన ఆగి ఉన్న బ్లేడు కేసే చూస్తున్నాడు.

"నేనెటు చూడాలి?"

ఆమె వంగి, సరిగ్గానే ఉన్న రబ్బరు బ్యాండ్లని మళ్లీ సర్దింది.

"చెప్పమ్మా. నువ్వు చెప్పినట్టే చేస్తాను."

"కెమెరా కేసి చూడు బాబాయ్."

ఆయన తలెత్తాడు. నవ్వబోయిన మొహం సగంలో ఆగిపోయింది. చూపు ఫోను దాటి, దాని వెనకున్న ఆమె మీద నిలిచింది. మూడు సెకన్లు గడిచాయి. ఇంకా చూస్తూనే ఉన్నాడు.

"ఆవేళా ఇదే అన్నావు కదూ."

"అన్నాను బాబాయ్" అంది.

ఫోను రికార్డు చేస్తూనే ఉంది.