బంతి ముందర మనిషి

గోల్ఫ్ నేర్పమని వచ్చేవాళ్ల చేతికి నేను వెంటనే కర్ర ఇవ్వను. ముందు కూర్చుని వినమంటాను. వినేవాళ్లు తక్కువ. కొత్తగా కొన్న సామాను పదిమందికీ చూపించుకోవాలన్నదే వాళ్ల ఆత్రం.

గురుమూర్తి శెట్టి అందరికంటే ఆత్రగాడు. ఆయనకు నంద్యాలలో సిమెంటు, ఇనుము దుకాణం ఉంది. శిరివెళ్ల దాటాక ఆళ్లగడ్డ దారిలో ప్లాట్లు వేసినవాళ్లు, గిరాకీ కోసం పక్కనే చిన్న గోల్ఫ్ మైదానం కూడా పరిచారు. పెద్ద కాంట్రాక్టర్లు అక్కడికి వస్తారు. వాళ్ల సరసన నిలబడాలంటే ఆట రావాలని శెట్టికి తోచింది. బెంగళూరులో ఆట నేర్చుకుని వచ్చి అక్కడ కోచ్‌గా చేరిన నా దగ్గరికి, భార్య లక్ష్మీదేవిని వెంటబెట్టుకుని, నిగనిగలాడే సంచితో దిగాడు.

"ఏందప్పా హరీష్, ఇన్ని కర్రలెందుకు? ఒకటి చాలదా?"

"పద్నాలుగు దాకా పెట్టుకోవచ్చన్నా. ఈ లావు తలకాయది డ్రైవర్. దూరం కొట్టనీకె. ఈ ఇనుపవి మధ్యలో వాడేటివి. ఇది పట్టర్. గుంత కాడికి పోయినాక మెల్లగా నెట్టనీకె. ఎంత తక్కువ దెబ్బల్లో బంతి గుంతలో పడితే అంత గొప్ప."

బంతి ఎక్కడ పడితే అక్కడి నుంచే ఆడాలని, చేత్తో జరపకూడదని చెప్పాను. ఈ ఆటలో అంపైర్ వెంట తిరగడని, ఎవరి తప్పు వాళ్లే ఒప్పుకోవాలని చెబితే శెట్టి పడీ పడీ నవ్వాడు.

"ఎవడు ఒప్పుకుంటాడప్పా?"

నేను నవ్వలేదు. "అన్నిటికన్నా ముందుది ఇదీ, వినండి. ముందర మనిషి ఉంటే కర్ర ఎత్తొద్దు. కొట్టినాక బంతి మనిషి దిక్కు పోతే గట్టిగా అరవాల. ఫోర్ అంటారు. ఆ మాట నోటికి రాకుంటే ఇంకేదన్నా అరవండి. వాళ్లు తల కాపాడుకుంటారు."

సరే సరే అన్నారు ఇద్దరూ.

శుక్రవారం మొదటి దెబ్బ. కొత్త ట్రాక్టర్‌కు చేసినట్టే చేశారు. డ్రైవర్‌కు పసుపు, కుంకుమ పెట్టారు. బంతికి కూడా బొట్టు పెట్టారు. కొబ్బరికాయ కొట్టి హారతిచ్చారు. పదిన్నరకు రాహుకాలం వస్తుందని లక్ష్మీదేవి ఒకటే తొందర. అంతలో చేతికి తొడుక్కునే గ్లవ్ కారులో మరిచానన్నాడు శెట్టి. తెచ్చిపెట్టమని నన్నే పంపాడు.

కృపావరం అప్పుడు ఎదురుగా ఉన్నాడు. అక్కడ గడ్డి కోసేదీ, బంతులు ఏరేదీ అతనే. వాళ్ల ఊరి చర్చిలో పెద్ద. ఒకప్పుడు తాగేవాడట. బాప్తిస్మం తీసుకున్నాక చుక్క ముట్టలేదు. పక్కకు రమ్మని కేకేస్తే, ఉన్న నాలుగు బంతులూ ఏరుకుని వస్తానన్నాడు. అతను వచ్చేదాకా కొట్టొద్దని వీళ్లకు గట్టిగా చెప్పి నేను గేటు దగ్గరికి వెళ్లాను.

గ్లవ్ తీసుకుని తిరిగొస్తుంటే ఠప్పుమని దెబ్బ వినపడింది. కేక మాత్రం వినపడలేదు.

కొత్తవాళ్లు కొట్టిన బంతి చాలాసార్లు పైకి లేవదు, నడుమెత్తులోనే దూసుకుపోతుంది. అది కృపావరానికి చెవి వెనక తగిలింది. నేను పరుగెత్తేసరికి గడ్డి మీద బోర్లా పడి ఉన్నాడు. శెట్టి కారులోనే నంద్యాల బయలుదేరాం. శిరివెళ్ల దగ్గర నా ఒళ్లోనే ప్రాణం పోయింది.

పోలీసుల ముందు శెట్టి ఏమన్నాడో తెలుసా? తాను కొట్టాక కృపావరం తాగిన మత్తులో తూలుతూ అడ్డం వచ్చాడన్నాడు. లక్ష్మీదేవి అవునంది. నా ఒళ్లు మండిపోయింది. నేను చెప్పాల్సింది చెప్పాను. అతని దగ్గర సారా వాసన లేదన్నాను. కొట్టొద్దని చెప్పే వెళ్లానన్నాను. కానీ ఆ క్షణాన్ని కళ్లారా చూసింది మొగుడూ పెళ్లామే. పోస్టుమార్టం కాగితం వచ్చేదాకా ఊరు ఆగదు గదా. మళ్లీ తాగడం మొదలుపెట్టాడంట అని చర్చి మెట్ల మీదే గుసగుసలు పోయారు.

అతని భార్య ఏసమ్మ నన్ను తోడు తీసుకుని శెట్టి దుకాణానికి వచ్చింది. శెట్టి గల్లాపెట్టె మీద చెయ్యి వేశాడు.

"నీ దుడ్లు నాకొద్దన్నా" అంది ఆమె. "ఆదివారం మా చర్చికి రా. సాక్ష్యం చెప్పే టైంలో లేసి నిలబడు. మా ఆయప్ప తాగలేదని, నువ్వు ఆయప్పను చూసే కొట్టినావని నోటితో చెప్పు. అంతే. తాగుబోతని పేరు పెట్టుకుని మన్నులో పడుకున్యాడు. నాకు నిద్ర పట్టడంల్యా."

శెట్టి పక్కనే కూర్చున్న లక్ష్మీదేవి వైపు చూశాడు. "వస్తాలేమ్మా" అన్నాడు నేల చూస్తూ.

ఆ ఆదివారం పాస్టరు వాక్యం చెప్పడం అయిపోయింది. సాక్ష్యాలు మొదలయ్యాయి. ఒకామె జ్వరం తగ్గిందని చెప్పి కూర్చుంది. ఏసమ్మ చాప మీద కూర్చుని వాకిలి వైపే చూస్తోంది. వాడు రాడని నేను పళ్లు నూరుకుంటున్నాను. అప్పుడు బయట కారు ఆగింది. శెట్టి స్టీరింగ్ పట్టుకుని లోపలే ఉండిపోయాడు. లక్ష్మీదేవి ఒక్కతే దిగి, చెప్పులు విడిచి, ఆడవాళ్ల మధ్యకు వచ్చి నిలబడింది.

"టైం పోతాంది, కొట్టేయ్ అన్నది నేనే" అంది. "ఆయప్ప మా ఇద్దరికీ బాగా కనపడినాడు. మా దిక్కు వీపు పెట్టి వంగి బంతులు ఏరుతాండాడు. తాగలేదు. తూలలేదు. మేము చెప్పింది అబద్ధం."

నిన్నటిదాకా గుసగుసలాడినవాళ్లు తలలు వంచుకున్నారు. ఏసమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. భర్త పేరు ఆమెకు తిరిగి దక్కింది. అంతటితో అయిపోయిందనుకున్నాను.

"బంతి ఆయప్ప దిక్కే పోతాంటే చూసినావు గదమ్మా" అంది ఏసమ్మ మెల్లగా. "ఒక్క కేక ఎయ్యలేకపోయినావా?"

"నోటిదాకా వచ్చింది ఏసమ్మా. కొత్త పని మొదలుపెడతాంటే ఎనక నుంచి కేకేస్తే అపశకునమని..."

"ఎవరికమ్మా?" అని అడిగింది ఏసమ్మ.