నా అడుగున ఉన్న పేరు

నేను ఒక కేకు గిన్నెను. పాత విమానం రెక్క కరిగించి నన్ను పోశానని పోతపనివాడు కోసిన కోతను నమ్మి కొన్నవాడు చీరాల బేకరీ మస్తాను. అందుకే తన బట్టీలో కేకు ఇంటి కప్పు దాకా లేస్తుందనీ, దోటీ పెట్టి దించుకుంటాననీ కొట్టుకు వచ్చిన ప్రతివాడికీ చెప్పేవాడు. నేను కాదనలేదు. నోరున్నవాళ్లే కాదనలేకపోయారు.

కొన్న రోజే నా అడుగున తన పేరు చుక్కచుక్కగా కొట్టించుకున్నాడు. ఆయనకు అక్షరం రాదు. బట్టీలో పెట్టేముందు ఆ చుక్కలు తడిమి, “మన పేరే” అని మురిసేవాడు. మసి పట్టి పేరు కనపడకపోయినా మురిపెం పోలేదు.

ఆయన మనవరాలు నస్రీన్ చేతికి పిండి తెలుసు, కంటికి అక్షరం తెలియదు. బళ్లో వెనక బెంచీ. ఒక టీవీవాళ్లు పిల్లలకు కేకుల పోటీ పెట్టారు. జట్టుకు ఇద్దరు. ఒకరు పుస్తకం పైకి చదివితే రెండోవారు విని చేయాలి. సగంలో గంట కొట్టగానే పనులు మార్చుకోవాలి. పిల్లలకు చదువూ, కలిసి పనిచేయడమూ ఒకేసారి అబ్బుతాయని వాళ్ల ఆశ. నస్రీన్, చదువులో దిట్టయిన స్నేహితురాలు భ్రమరాంబ, నన్ను సంచిలో వేసుకుని బయల్దేరారు.

“మా పిల్ల టీవీలో చదువుద్ది. అది వినాల నేను,” అనేవాడు మస్తాను. అప్పటికే మంచం దిగలేకపోతున్నాడు.

భ్రమరాంబ చదివినంతసేపూ బాగానే సాగింది. గంట మోగింది. నస్రీన్ పుస్తకం అందుకుంది. ఆ లైట్ల కింద అక్షరాలు ఆమెకు ఒక్కటీ లొంగలేదు. కాసేపు చూసి, గొంతు సవరించుకుని మొదలుపెట్టింది.

“గుడ్డు ఒక్కోటీ విడిగా కొట్టి వాసన చూడు. పిండిని కోపంగా కలపమాక, అలుగుద్ది. బట్టీ ముందు చెయ్యి పెట్టు, చెయ్యి వద్దన్నప్పుడు గిన్నె పెట్టు.”

అది పుస్తకం కాదని భ్రమరాంబకు తెలిసిపోయింది. అయినా చెప్పింది చెప్పినట్టు చేసింది. కేకు నా అంచు దాటి పొంగింది. తీర్పు చెప్పడానికి రుచి చూసిన పెద్దావిడ కాసేపు కళ్లు మూసుకుని, “అలిగే పిండి ఏ పేజీలో ఉందమ్మా?” అని అడిగింది. నస్రీన్ పేజీలు తిప్పుతూనే ఉంది. జట్టును తప్పించారు. కెమెరా మాత్రం ఆ పిల్లను వదల్లేదు. మనుషులకు పొంగిన కేకు కంటే కుంగిన మొహం రుచి.

టీవీలో అది వచ్చిన సాయంత్రం మొదటి మాటకు మస్తాను నవ్వాడు. పిండి అలగ్గానే నవ్వు ఆగిపోయింది.

“నా మాటలు నాకు తెలుసు గదే,” అన్నాడు. “నాకు తెలవంది చదివి వినిపిస్తావనుకున్నా.”

“నేర్చుకుంటాలే దాదా.”

“తొరగా నేర్చుకో. నాకు నిద్దరొస్తంది.”

రోజూ భ్రమరాంబ పక్కన కూర్చుని, కూడబలుక్కుంటూ నేర్చుకుంది. ఆయనే ఆగలేదు.

బట్టీ చల్లారింది. పాతసామాన్ల బండి గుమ్మం ముందు ఆగింది. నన్ను అందించబోతూ నస్రీన్ బోర్లించి, మసిని గోటితో గీకింది. దాదా పేరు ఒక్కసారి తన నోటితో చదవాలనుకుంది.

“కో… టే… శ్వ… ర… మ్మ.”

మళ్లీ చదివింది. మళ్లీ కోటేశ్వరమ్మే. కొన్న రోజు గిన్నెల కొట్టులో ఎవరికో కొట్టాల్సిన పేరు నాకు కొట్టారు. నాకు తెలుసు. చెప్పే నోరు లేదు.

నస్రీన్‌కు నవ్వొచ్చింది. “దాదా, ఇది చూశావా,” అంటూ గదివైపు తిరిగింది. ఆయనకు తెలియనిది దొరికింది. గదిలో మంచం గోడకు నిలబెట్టి ఉంది.

“ఇస్తావా, పొమ్మంటావా పాపా?” అన్నాడు బండివాడు.

ఇచ్చింది.

ఇప్పుడు పాతసామాన్ల గుట్టమీద బోర్లా పడి ఉన్నాను. గోరు గీకినచోట ఎండ పడుతోంది. విమానం రెక్కనే అయితే ఈపాటికి ఎగిరిపోయి ఉండేదాన్ని.